మౌస్ కదల్లేదని సిస్టమ్ ఫార్మాట్ కొట్టొద్దండప్పా

మా అనంతపురంలో కంప్యూటర్‌కి ఏ రోగం వచ్చినా చెప్పే మందు ఒకటే, ఫార్మాట్. సిస్టమ్ స్లో అయినా ఫార్మాటే, ప్రింట్ రాకపోయినా ఫార్మాటే, ఆఖరికి మౌస్ కదలకపోయినా ఫార్మాటే. అందులో విండోస్ బదులు లినక్స్ ఉందని తెలిస్తే ఇంక చెప్పేపనే లేదు, "లినక్స్‌లో మౌస్ సరిగ్గా రాదు సార్, విండోస్ ఏసేద్దాం" అంటారు. మా వీధిలో డిగ్రీ చదివే పాప ఒకామె ల్యాప్‌టాప్‌ని ఇట్లే ఒక షాపులో ఇస్తే మౌస్ కోసమని మొత్తం డిస్క్ తుడిచేసి ఇచ్చినారు, ప్రాజెక్ట్ రిపోర్ట్ పాయ, ఇంట్లోవాళ్ళ పెళ్ళి ఫోటోలు పాయ, ఇంటికి తెచ్చి పెట్టి చూస్తే మౌస్ మళ్ళీ అంతే, ఎందుకంటే పోయింది మౌస్ వైరు. ఆ పాప ఏడుస్తా కూర్చుంటే చూసినప్పటినుంచి దీని మీద వివరంగా రాయాలని ఉంది, అందుకే ఇది.

నా బాధంతా ఏందంటే, లినక్స్ గానీ ఫ్రీబీఎస్‌డీ గానీ, ఈ యునిక్స్ జాతి సిస్టమ్‌లు ఏమీ దాచిపెట్టవు. మౌస్ గుచ్చిన ప్రతిసారీ కెర్నల్, అంటే సిస్టమ్ గుండెకాయలాంటి భాగం, ఏం చూసింది, యాడ ఆగిపోయింది అని లైన్ లైన్‌గా రాసిపెడతాది. ఆ రాసిందాన్ని ఒక్క నిమిషం చదివితే చాలు, చాలా కేసుల్లో జవాబు అక్కడే ఉంటాది. మౌస్ నుంచి స్క్రీన్ మీద బాణం దాకా ఒక దారి ఉంది కదా, ముందు వైరు, పోర్టు, ఆ తర్వాత కెర్నల్‌లో యూఎస్‌బీ భాగం ఆ మౌస్‌ని గుర్తుపట్టాల, హెచ్ఐడీ (మౌస్, కీబోర్డ్‌ల) డ్రైవర్ దాన్ని పట్టుకోవాల, మన కదలికల్ని ఈవెంట్లుగా మార్చాల, ఆఖరున స్క్రీన్ మీద బొమ్మ చూపించే ఎక్స్ గానీ వేలాండ్ గానీ ఆ ఈవెంట్లు తీసుకుని బాణాన్ని కదిలించాల. దారి యాడ తెగిందో తెలిసినాకే చెయ్యి పెట్టాల, అంతకుముందు కాదు.

మౌస్ లేకుండా ఇదంతా యెట్లా చేసేది అంటారేమో, కీబోర్డ్ చాలు. ఉబుంటు, మింట్ లాంటి లినక్స్‌లు అయితే కంట్రోల్ ఆల్ట్ టీ కొడితే టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే కిటికీ వస్తాది, అది రాకపోతే కంట్రోల్ ఆల్ట్ ఎఫ్3 కొట్టి నల్ల స్క్రీన్‌లోకి పోయి లాగిన్ అవ్వొచ్చు, వెనక్కి రావడానికి సిస్టమ్‌ని బట్టి ఎఫ్1 గానీ ఎఫ్2 గానీ ఎఫ్7 గానీ. ఇప్పుడు డీమెసేజ్ కమాండ్ కొట్టాల, అంటే డీ, ఎం, ఈ, ఎస్, జీ అని ఐదక్షరాలు, ముందు సుడో (అడ్మిన్ పర్మిషన్‌తో నడిపించేది), వెనకాల మైనస్ డబ్ల్యూ. మైనస్ డబ్ల్యూ పెడితే అది అట్లే తెరుచుకుని ఉంటాది, కొత్త లైన్ వచ్చినప్పుడల్లా చూపిస్తాది. సుడో లేకుండా కొడితే ఇప్పటి ఉబుంటు, డెబియన్‌లలో పర్మిషన్ లేదంటాది, దానికి భయపడొద్దు. ఇంక మౌస్ పీకి, రెండు క్షణాలాగి, మళ్ళీ పెట్టి స్క్రీన్ చూడండి.

అంతా బాగుంటే ఏం వస్తాదో ముందు తెలిసుండాల, అప్పుడే బాగలేనిది కనపడతాది. మొదటి లైన్‌లో యూఎస్‌బీ 1-2 అనో 1-1.4 అనో ఉండి, న్యూ లో-స్పీడ్ యూఎస్‌బీ డివైస్ నంబర్ ఇంత అని వస్తాది. 1-2 అంటే ఒకటో బస్ (యూఎస్‌బీ లైన్)లో రెండో పోర్టు, 1-1.4 అంటే మధ్యలో హబ్ (ఒక పోర్టుని నాలుగు చేసే డబ్బా) ఉంది, దాని నాలుగో పోర్టులో ఉంది అని. లో-స్పీడ్ అనే మాట చూసి కంగారు పడేవాళ్ళు ఉన్నారు, మామూలు మౌస్‌లు చాలావరకు సెకనుకు 1.5 మెగాబిట్ల లెక్కనే మాట్లాడతాయి, మౌస్‌కి అదే ఎక్కువ. గేమింగ్ మౌస్‌లు చాలావరకు ఫుల్-స్పీడ్, అంటే 12 మెగాబిట్లు. దాని కింద కంపెనీ నంబరు, మోడల్ నంబరు, అంటే వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ వస్తాయి, తర్వాత మౌస్ పేరు, తర్వాత ఇన్‌పుట్ అని ఒక లైన్, ఆఖరున హిడ్-జెనరిక్ అని మొదలై మధ్యలో యూఎస్‌బీ హెచ్ఐడీ వీ1.11 మౌస్ అని ఉండే లైన్. ఈ ఆఖరి లైన్ వచ్చిందంటే వైరు, పోర్టు, కెర్నల్, డ్రైవర్ అన్నీ బాగున్నట్టే, తప్పు ఇంకా పైన ఉన్నట్టు.

ఒక్క లైన్ కూడా రాలేదా, అయితే సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. ఆ మౌస్‌ని ఇంకో సిస్టమ్‌కి పెట్టండి, ఈ సిస్టమ్‌కి ఇంకో మౌస్ పెట్టండి, తప్పు యాడుందో ఆడికాడికి తేలిపోతాది. సీపీయూ ముందు వైపు పోర్టులు సన్న వైర్లతో మదర్‌బోర్డుకి తగిలించి ఉంటారు, అవి లూజ్ అయితాయి, వెనక పోర్టులు బోర్డుకే అతికించి ఉంటాయి కాబట్టి ఎప్పుడూ వెనకాల పెట్టి చూడాల. మన ఊర్లో గాలి తెలుసు కదా, ఆషాఢం వచ్చిందంటే దుమ్ము ఇంట్లో అన్నం గిన్నెలోకి కూడా వస్తాది, వాడని పోర్టుల్లోకి రాదా. టార్చ్ వేసి పోర్టు లోపల చూడండి, నాలుగు పలకలు మెరుస్తా కనపడాల. దుమ్ము ఉంటే సిస్టమ్ పూర్తిగా ఆపి, ప్లగ్ పీకి, మెత్తని బ్రష్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కతో తుడవచ్చు. లోపల పలక వంగిపోయి ఇంకోదానికి తగుల్తా ఉంటే డీమెసేజ్‌లో ఓవర్-కరెంట్ అనే మాట కనపడతాది, అది కనపడితే ఆ పోర్టు ఇంక వాడొద్దు.

మౌస్ వైరు ఎక్కువగా తెగేది ఒకచోటే, మౌస్ మూతి దగ్గర, వైరు లోపలికి పోయేకాడ. రోజంతా అటు ఇటు జరిపి జరిపి అక్కడే వంగుతాది. పైన రబ్బరు తోలు బాగానే ఉంటాది, లోపల రాగి పోగులు తెగిపోయుంటాయి. డీమెసేజ్ తెరిచిపెట్టి, మూతి దగ్గర వైరుని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా నాలుగు దిక్కులా వంచండి, ఒక దిక్కు వంచినప్పుడల్లా డిస్‌కనెక్ట్ అని, వదిలినప్పుడల్లా న్యూ డివైస్ అని లైన్లు వస్తా ఉంటే దొరికిపోయినట్టే. ఆ పాప ల్యాప్‌టాప్ దగ్గర నేను చేసింది ఇంతే.

ఇంక అందరూ భయపడే లైన్ ఒకటి ఉంది, డివైస్ డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ మైనస్ 71 అని, లేకపోతే మైనస్ 110 అని. 110 అంటే అడిగినా, టైము అయిపోయినా జవాబు రాలేదు, 71 అంటే మాట కలవలేదు, జవాబు పద్ధతి ప్రకారం రాలేదు. ఇక్కడ ఒక సంగతి తెలిస్తే భలే ఉపయోగం. యూఎస్‌బీ మౌస్ వైరులో నాలుగు తీగలు, ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు డీ మైనస్, ఆకుపచ్చ డీ ప్లస్. లో-స్పీడ్ మౌస్ తాను వచ్చానని చెప్పేది ఆ తెల్లతీగ మీదున్న 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తోనే. అంటే ఆకుపచ్చ తీగ ఒక్కటే తెగిపోయినా, మౌస్ కింద ఎర్రలైట్ వెలగొచ్చు, కెర్నల్ కూడా లో-స్పీడ్ డివైస్ వచ్చింది అనొచ్చు, కానీ మాట మాత్రం కలవదు. లైట్ వెలుగుతా ఉంది కాబట్టి మౌస్ బాగుంది, తప్పు లినక్స్‌దే అనే వాదం ఇక్కడే కొట్టుకుపోతాది. లైట్ వెలగడానికి కరెంట్ చాలు, పని చేయడానికి నాలుగు తీగలూ కావాల.

మా మామకి కాలేజీ దారిలో జిరాక్స్ అంగడి ఉంది, జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, హాల్ టికెట్లు అన్నీ. సిస్టమ్‌లలో లినక్స్ మింట్ వేసుకున్నాడు, వైరస్ పెన్‌డ్రైవ్‌ల బాధ తప్పిందని సంతోషంగా ఉంటాడు. కౌన్సెలింగ్ టైములో ఒకనాడు ఫోన్, "అల్లుడూ, మౌస్ ఉన్నట్టుండి నిలబడిపోతాండాది రా, పిల్లోళ్ళు లైన్లో నిలబడుకోనుండారు, కొత్త మౌస్ తెచ్చినా అంతే". కొత్త మౌస్‌కీ అంతే అన్నాడంటే తప్పు మౌస్‌ది కాదు. పోయి డీమెసేజ్ తెరిచిపెట్టి పక్కన కూర్చున్నా. కాసేపు ఏమీ లేదు. ఒకాయన ఆధార్ కార్డు లామినేషన్‌కి ఇచ్చినాడు, మామ మిషన్ స్విచ్ వేసినాడు, వేసిన క్షణమే స్క్రీన్ మీద ఒక లైన్, పోర్టు 2 డిజేబుల్డ్ బై హబ్ అని, పక్కన బ్రాకెట్లో ఈఎంఐ అని ప్రశ్న గుర్తుతో. కెర్నల్ రాసినవాళ్ళు ఆ మాటని అట్లే ప్రశ్నగా పెట్టినారు, బయటి కరెంట్ గలాటా ఏమన్నా తగిలిందా చూసుకోండి అని. నాకైతే ఆ లైన్ చూసినప్పుడు వాళ్ళమీద నిజంగా గౌరవం కలిగింది, యాడో కూర్చుని రాసిన మనిషి మా మామ అంగట్లో లామినేషన్ మిషన్‌ని పట్టించినాడు.

"సీపీయూ ముట్టుకుంటే చిమచిమలాడతాదా మామా" అంటే, "ఎప్పుడూ అంతే కదరా, చెప్పులేసుకుంటే ఏం కాదులే" అన్నాడు. అది ఏం కాకపోవడం కాదు. ఎర్తింగ్ లేకపోతే సీపీయూ డబ్బా మీద సుమారు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దాకా తేలుతా ఉంటాది, ఎస్ఎంపీఎస్ (సీపీయూకి కరెంట్ ఇచ్చే డబ్బా) లోపల ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల. కరెంట్ చాలా తక్కువ కాబట్టి చిమచిమతో పోతాది, కానీ పక్కన హీటర్ ఉన్న మిషన్ వేసినా ఆపినా ఆ దెబ్బంతా యూఎస్‌బీ గ్రౌండ్ మీద పడతాది. మన నేలలో ఎండాకాలం వచ్చేసరికి ఎర్త్ గుంత ఎండిపోయి రాయి అయితాది, ఒకప్పుడు వేసిన ఉప్పు, బొగ్గు ఏమైనాయో ఎవరూ చూడరు. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి గుంత తవ్వించి ఉప్పు, బొగ్గు మార్చి నీళ్ళు పోయించినాము, లామినేషన్ మిషన్‌ని, జిరాక్స్‌ని వేరే బోర్డుకి మార్పించినాము, మూడో పిన్ను లేని ఎక్స్‌టెన్షన్ బాక్స్ పారేయించినా. ఆ తర్వాత ఆ లైన్ మళ్ళీ రాలేదు, చిమచిమ కూడా పోయింది. మౌస్ సంగతి అటుంచి, అంగట్లో పనిచేసే పిల్లోళ్ళ ప్రాణాల సంగతి కూడా అది, కాబట్టి చిమచిమ ఉంటే ఈరోజే చూపించండి.

అదే అంగట్లో ఇంకొకటి, సీపీయూ లోపల గదిలో పెట్టి కౌంటర్ దాకా పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వైరు లాగినారు. లో-స్పీడ్ వైరు 3 మీటర్లకి మించకూడదు. సన్న వైరు పొడుగు పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గుతాది, తుంగభద్ర నీళ్ళు తెచ్చే హెచ్చెల్సీ కాలువ ఆఖరి ఆయకట్టుకి నీళ్ళు చేరినట్టే, మొదట్లో 5 వోల్టులు ఉన్నా చివర్లో ఉండవు. అడాప్టర్ లేని చవక హబ్ కూడా ఇట్లాంటిదే, దాని ఒక్కో పోర్టుకి 100 మిల్లీయాంప్‌లే వాటా, దానికే ఫోన్ చార్జింగ్ పెట్టి, పెన్‌డ్రైవ్ పెట్టి, మౌస్ కూడా పెడితే ముందు నిలబడిపోయేది మౌసే.

సరిగ్గా నిమిషానికి ఒకసారి మౌస్ ఊడిపోయి మళ్ళీ వస్తా ఉంటే మాత్రం వైరుని తిట్టొద్దు. కొన్ని చవక మౌస్‌లు, ముఖ్యంగా వెండర్ ఐడీ 093ఏ ఉన్న పిక్స్‌ఆర్ట్ చిప్‌వి, సిస్టమ్ వాటిని పలకరించకపోతే తమంతట తామే రీసెట్ అయితాయి. డెస్క్‌టాప్ లేని సర్వర్లలో మౌస్‌ని ఎవరూ తెరవరు కదా, కెర్నల్ కూడా అడగదు, అది అలిగి పోయి వస్తా ఉంటాది, లాగ్ ఫైల్ నిండిపోతాది. దీనికి కెర్నల్‌లోనే ఆల్వేస్ పోల్ అనే మార్గం ఉంది, చాలా మౌస్‌లు ఆ జాబితాలో ముందే ఉన్నాయి, మీది లేకపోతే గ్రబ్ (సిస్టమ్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్)లో యూఎస్‌బీహిడ్ డాట్ క్వర్క్స్ అని రాసి వెండర్ ఐడీ, ప్రొడక్ట్ ఐడీ, ఆఖరున హెక్సాలో 400 ఇస్తే సరిపోతాది.

ల్యాప్‌టాప్ వాళ్ళకి వచ్చే కష్టం వేరే, మౌస్ కాసేపు వదిలేస్తే నిద్రపోతాది, కదిపితే వెంటనే రాదు, మొదటి క్లిక్ పోతాది. ఇది ఆటోసస్పెండ్. కెర్నల్ మామూలుగా మౌస్‌లని నిద్రపుచ్చదు, ఎవరో బ్యాటరీ మిగుల్తాదని పవర్‌టాప్ అనే ప్రోగ్రామ్‌లో ఆటో-ట్యూన్ పెట్టుంటారు, అది అన్ని యూఎస్‌బీలనీ ఒకే గాటన కట్టేస్తాది, అప్పుడు రెండు సెకన్లు కదలకపోతే చాలు మౌస్ పడుకుంటాది. సిస్ ఫోల్డర్లో బస్, అందులో యూఎస్‌బీ, డివైసెస్, మీ మౌస్ నంబర్, దాని లోపల పవర్ అని ఒక ఫోల్డర్, అందులో కంట్రోల్ అనే ఫైల్, దాంట్లో ఆటో అని ఉంటే ఆన్ అని రాయండి, అక్కడికక్కడే తేడా తెలుస్తాది. తెలిసినాక, రీబూట్ అయినా నిలబడేట్టు యూడెవ్ (డివైస్ పెట్టినప్పుడు ఏం చేయాలో చూసే భాగం) రూల్‌గా రాసుకోవాల, మీ మౌస్ ఐడీలు ఇచ్చి, పవర్ కంట్రోల్ ఆన్ అని ఒక్క లైన్.

వైర్‌లెస్ మౌస్ అయితే నీలం రంగు పోర్టుని అనుమానించండి. యూఎస్‌బీ 3 పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుట్టిస్తాది, మౌస్ రిసీవర్ కూడా ఆ ఫ్రీక్వెన్సీలోనే మాట్లాడతాది, ఇంటెల్ వాళ్ళు 2012లోనే దీని మీద పేపర్ వేసినారు. హార్డ్‌డిస్క్‌లో సినిమా కాపీ పెట్టినప్పుడే బాణం ఎగిరెగిరి పడతాంది అంటే ఇదే. డ్రైవర్ వెతుక్కోవద్దు, రిసీవర్‌ని దూరంగా ఉన్న నల్ల పోర్టుకి మార్చండి, లేకపోతే ఒక జానెడు ఎక్స్‌టెన్షన్ వైరుతో ముందుకి లాగండి.

ఇంక డీమెసేజ్‌లో ఎర్రర్ ఏమీ లేకుండా, బాణం మాత్రం కదలకపోతే? ఎల్ఎస్‌యూఎస్‌బీ (తగిలించిన యూఎస్‌బీల జాబితా చూపించే కమాండ్) మైనస్ టీ కొట్టండి, మౌస్ ఎదురుగా డ్రైవర్ యూఎస్‌బీహిడ్ అని ఉండాల. ఖాళీగా ఉంటే, ఆర్చ్ లాంటి లినక్స్‌లలో కెర్నల్ అప్‌డేట్ అయినాక రీస్టార్ట్ చేయకుండా మౌస్ పెట్టినారేమో చూడండి, పాత కెర్నల్ మాడ్యూళ్ళు (డ్రైవర్ ముక్కలు) డిస్క్ మీద ఉండవు, కాబట్టి లోడ్ కావు, రీస్టార్ట్ చేస్తే చాలు. డ్రైవర్ ఉంటే ఈవీటెస్ట్ కొట్టి మీ మౌస్ ఎంచుకుని కదపండి, అంకెలు జలజలా రాలతా ఉంటే కెర్నల్ తన పని తాను చేసినట్టే, తప్పు డెస్క్‌టాప్‌ది. సెట్టింగుల్లో పాయింటర్ ఆపేసి ఉండొచ్చు, లేదంటే ఎప్పుడో ఎవరో ఎక్స్‌ఆర్గ్ కాన్ఫిగ్ ఫైల్లో ఈవెంట్5 అని గట్టిగా రాసిపెట్టి ఉండొచ్చు. ఈ ఈవెంట్ నంబర్లు బూట్ బూట్‌కీ మారతాయి, నిన్న 5 అయినది ఈరోజు 7 కావొచ్చు, తప్పనిసరిగా రాయాలంటే ఇన్‌పుట్ ఫోల్డర్ కింద బై-ఐడీ అని ఉంటాది, అందులో మౌస్ పేరుతో ఉన్నది రాయండి, అది మారదు.

ఫ్రీబీఎస్‌డీ గురించి కూడా చెప్పాల, నా ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద అదే ఉంది, నాకు దాని పద్ధతి చాలా ఇష్టం. అక్కడ మౌస్ పెడితే యూఎంఎస్0 అని వచ్చి, దాని పక్కనే 3 బటన్లు, ఎక్స్ వై జెడ్ కోఆర్డినేట్లు అని ఎంత శుభ్రంగా చెప్తాదో. డెవ్‌డీ అనేది మౌస్ వచ్చిందని చూసి మౌస్‌డీని లేపుతాది, మౌస్‌డీ ఆ కదలికల్ని తీసుకుని సిస్‌మౌస్ అనే దాంట్లో పోస్తాది. పాత కాన్ఫిగ్‌లలో తంటా యాడొస్తాదంటే, ఎక్స్‌లో నేరుగా యూఎంఎస్0 పేరు ఇస్తారు, అది అప్పటికే మౌస్‌డీ చేతిలో ఉంటాది, బిజీ అని ఎర్రర్ వస్తాది, సిస్‌మౌస్ అని ఇస్తే పోతాది. యూఎస్‌బీడీ అనే పాత ప్రోగ్రామ్‌ని స్టార్ట్ చేయమని చెప్పే పాత సలహాలు ఎక్కడన్నా కనపడితే పక్కన పెట్టండి, అది ఇప్పుడు లేదు, 2009లో వచ్చిన 8.0 నుంచే యూఎస్‌బీ భాగమంతా కొత్తది. 13 వెర్షన్ నుంచి యూఎస్‌బీహిడ్ ఆన్ చేసుకుంటే యూఎంఎస్ బదులు హెచ్ఎంఎస్ అని కనపడతాది, అది కూడా మౌసే. మౌస్ పోర్టులో ఉందా లేదా అనడానికి యూఎస్‌బీకాన్ఫిగ్ ఒక్కటి కొడితే చాలు.

ఇంత చూసినాక కూడా దారి దొరకకపోతే ఎవరినన్నా అడగండి, నన్నైనా సరే, కానీ మౌస్ పనిచేయట్లేదు అని ఊరికే అనొద్దు. యూనేమ్ మైనస్ ఏ (కెర్నల్ వెర్షన్ చెప్పే కమాండ్), ఎల్ఎస్‌యూఎస్‌బీ, మౌస్ పీకి పెట్టినప్పుడు డీమెసేజ్‌లో వచ్చిన లైన్లు, ఈ మూడూ ఫోన్‌తో ఫోటో తీసి అయినా పంపండి, అక్షరాలు కనపడేట్టు ఉంటే చాలు. వేరే మౌస్, వేరే పోర్టు పెట్టి చూసినారో లేదో కూడా ఒక మాట రాయండి. మీ డేటా జోలికి పోకుండా, అక్కడినుంచి చూద్దాం.